తలుపు వెనక గీతలు

మిర్గం, అదే మృగశిర కార్తె, వెళ్లిన మూడో రోజు కురిసిన వానకు మా వంటింటి వెనక మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. పొద్దున్నే గిన్నెలు కడగడానికి తలుపు తీసిన మా ఆవిడ నన్ను కేకేసింది. వెళ్లి చూశాను. ప్రహరీ గోడకు నీళ్లు పోవడానికి వదిలిన తూములోంచి చేపలు లోపలికి వచ్చేశాయి. వాటిలో అరచెయ్యంత పరక చేప ఒకటి వంటింటి గోడను తలతో పొడుస్తోంది. వెనక్కి వెళ్తోంది, మళ్లీ వచ్చి అదే చోట పొడుస్తోంది. దాని వెనక ఎర్రనీళ్లు కదులుతున్నాయి కాబట్టి ఇంకా ఉన్నట్టే.

నాకు వెంటనే గుర్తొచ్చింది ఆ ముసలాయన. ఆ తరవాత, ఆయన లేడని గుర్తొచ్చింది.

మాఘంలో పోయాడు. నాకెవరూ కబురు పెట్టలేదు. మేడ్చల్‌లో నా జిరాక్స్ షాపుకు ఆధార్ కాపీల కోసం వచ్చిన శామీర్‌పేట ఆటో అతను వేరే మాటల మధ్య చెప్పాడు, అప్పటికే పది రోజులు దాటింది. చెప్పనందుకు ఆ ఇంటివాళ్ల మీద కోపం వచ్చింది. నాకు ఇలాంటివి గుర్తుండిపోతాయి. ఎవరు ఎక్కడ నన్ను నిలబెట్టి మాట్లాడారో, ఎవరు నా కాగితం చదవకుండానే పక్కన పడేశారో, ఆ రోజు వాళ్లు ఏ రంగు చొక్కా వేసుకున్నారో కూడా చెప్పగలను. మా చర్చిలో పాస్టరు గారు ప్రతి ఆదివారం క్షమించమంటారు. వింటాను. వినడం వరకే నా చేతనయ్యింది.

ఆ ముసలాయన మీద కూడా నా దగ్గర ఒక జాబితా ఉంది.

మొదటిది చెప్పుల సంగతి. లాల్‌గడి మలక్‌పేట్ దారిలో ఇల్లు కట్టుకుని చేరిన మొదటి వానాకాలం అది. మా ఇంటికి కొంచెం కింద, పెద్ద చెరువు వైపు, వాగులోకి టిప్పర్లు మట్టి దింపుతున్నాయి. కొత్త వెంచర్‌కు రోడ్డు కావాలి, రోడ్డుకు వాగు అడ్డం. ఫొటోలు తీద్దామని ఫోను పట్టుకుని దిగాను. నీళ్లు పిక్కల లోతు కూడా లేవు. అవతల గట్టు మీద ఒక ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద చెడ్డీ, భుజాన తువ్వాల. నేను ఇంకో అడుగు వేయబోతే అరిచాడు.

"చెప్పులిడువు!"

టిప్పర్ల దగ్గర నలుగురు మనుషులున్నారు. అందరూ తిరిగి చూశారు.

"నేనెవరనుకుంటున్నవ్?" అన్నాను.

"ఎవలైతే ఏంది? నువ్వు తొక్కేటిది వాటి తొవ్వ."

అప్పుడు చూశాను. నా కాలికి జానెడు దూరంలో, రెండు రాళ్ల మధ్య ఇరికించి, వెదురు బద్దలతో అల్లిన పొడుగాటి బుట్ట ఉంది. నోరు వెడల్పుగా చెరువు వైపు తెరిచి ఉంది. ఆ నోట్లోపల ఇంకో చిన్న నోరు, బద్దల కొనలన్నీ లోపలికి వంచి. లోపలికి పోయిన చేప ఆ కొనలను దాటి తిరిగి రాలేదు. వెనక భాగంలో ఒక చిన్న తలుపు, దానికి తాడు ముడి. ఆ నలుగురి ముందు చెప్పులు చేతిలో పట్టుకుని గట్టెక్కాను. జాబితాలో మొదటి అంశం అదే.

రెండోది ఇంకో వారానికి. ఆయన వాగు నుంచి ఊళ్లోకి నడిచి వెళ్తుంటే, పోనీలే పెద్దవాడని నేనే ముందు పలకరించాను.

"కాకా, నమస్తే."

చూశాడు. తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. నోరు కూడా తెరవలేదు. మా గల్లీ మూల కిరాణా షాపామె నా మొహం చూసి నవ్వింది. "ఆయన గట్లనే పోతడు సారూ. చేతిల లెక్క ఉంటది."

చేతిలో లెక్కేమిటో నాకు చాలా రోజులకు గాని అర్థం కాలేదు. ఆయనకు చదువు రాదు. బుట్టలోకి వచ్చిన చేపలను వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టేవాడు. చూపుడువేలు పరకలకు, నడిమివేలు జెల్లలకు, ఉంగరం వేలు వాలుగకు. లెక్క ఎక్కడ ఆగిందో ఆ కణుపు మీద బొటనవేలు నొక్కిపట్టి, ఇల్లు చేరేదాకా అలాగే నడిచేవాడు. దారిలో ఎవరితో మాట్లాడినా వేలు జారుతుందని భయం. ఇంటికి వెళ్లి, తలుపు వెనక గోడ మీద బొగ్గుతో గీతలు గీశాకే నోరు విప్పేవాడు. బంధువులు ఎదురొచ్చినా అంతే. ఒకసారి వియ్యంకుడు బస్టాండు దగ్గర పిలిస్తే పలకకుండా పోయాడని, ఆ ఏడు వాళ్లింట్లో పెద్ద పంచాయితీ అయిందట.

ఇది తెలిశాక నేను ఆ రెండో అంశాన్ని కొట్టేయాల్సింది. కొట్టేయలేదు. పలకరిస్తే పలకకపోవడం పలకకపోవడమే కదా అనుకున్నాను.

అయినా ఆయన దగ్గరికి వెళ్లడం మాత్రం మానలేదు. నాకు ఆయనతో పని పడింది. వాగు పూడ్చేస్తున్నారని నేను పెట్టిన అర్జీకి తహసీల్దారు ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. అక్కడ వాగే లేదు, అది వాననీళ్లు పోయే పల్లం మాత్రమే అని రాశారు. వాగు ఉందని రుజువు కావాలి. వాగు కానిదాంట్లో చేపలు ఎదురెక్కవు కదా. ఆ సంగతి తెలిసినవాడు ఈయనొక్కడే.

వానలు మొదలవగానే పెద్ద చెరువులోని చేపలు గుడ్లు పెట్టడానికి నీటికి ఎదురు ఈదుతూ వాగులోంచి పై కుంటకు వెళ్తాయి. ఆ పది పదిహేను రోజులూ ఆయన బుట్ట నోరు చెరువు వైపు ఉండేది. బుట్టలోకి వచ్చినవాటిని చూసి, లెక్కపెట్టి, వెనక తలుపు ఎత్తి పైకి వదిలేసేవాడు. ఒక్కటి కూడా ఇంటికి తీసుకెళ్లేవాడు కాదు. దసరా దాటి నీళ్లు తగ్గుతున్నప్పుడు బుట్టను తిప్పి, నోరు కుంట వైపు పెట్టేవాడు. అప్పుడు దిగి వచ్చేవి కూరకు.

"ఎక్కేటివి చూసెటందుకు, దిగేటివి తినెటందుకు," అన్నాడు నేను అడిగితే. "ఒక్కటే బుట్ట. తిప్పుడే తెలువాలె."

"ఇయ్యాల ఎన్ని పట్టినవ్ కాకా?"

"పట్టలే. వచ్చినయి."

ఎప్పుడడిగినా ఆ మాట దిద్దేవాడు. నాకు చిరాకు వేసేది. నా షాపులో రోజుకు యాభై మంది అర్జీలు దిద్దేవాణ్ని, నన్ను దిద్దే మనిషి ఈయన.

చేపను ముట్టుకునే ముందు చేతులు నీళ్లలో ముంచేవాడు. పొడి చెయ్యి తగిలితే దానికి మంట పుడుతుందనేవాడు. రెండు చేతులతో ఎత్తి, వెల్లకిలా తిప్పి పొట్ట చూసేవాడు. పొట్ట కింద పచ్చమన్ను అంటి ఉంటే చెరువు నడిమధ్య నుంచి వచ్చింది, నల్లగా ఉంటే అలుగు పారే మత్తడి కింది మడుగులోది. దాన్ని బట్టి చెరువులో ఏ వైపు నీళ్లు చెడుతున్నాయో చెప్పేవాడు. రోజూ దోసిట్లో నీళ్లు తీసుకుని వాసన చూసి పారబోసేవాడు. ఒకరోజు వాసన చూసి ఉమ్మేసి, బుట్ట తీసేసి ఇంటికి పోయాడు. "మందు కలిసింది," అన్నాడు. నాకేమీ తెలియలేదు. రెండు రోజుల తరవాత చెరువు ఒడ్డున చచ్చిన చేపలు తేలాయి.

ఒకప్పుడు చేపల సంఘం పెద్దమనుషులు ఆయన ఇంటికి వచ్చి అడిగేవారట. "ఎక్కినయి," అని ఆయన చెప్పేదాకా పై కుంటలో ఎవరూ వల వేసేవారు కాదు. తలుపు వెనక గీతలు చూసే ఆయన ఆ మాట చెప్పేవాడు. ఇప్పుడు చేపపిల్లలు లారీల్లో డబ్బాలతో వస్తున్నాయి. నాయకులు వచ్చి వాటిని చెరువులో వదిలి ఫొటో దిగి వెళ్తారు. ఈయన్ను అడగాల్సిన పని ఎవరికీ లేదు. ఈయన మాత్రం మిర్గం రాగానే బుట్ట తడిపి వాగులో పెట్టడం మానలేదు.

నేను ఆయన్ను సాక్షిగా రమ్మన్నాను. నీళ్ల వైపే చూస్తూ మాట్లాడాడు. మనిషి మొహం చూసి జవాబు చెప్పే అలవాటు లేదు ఆయనకు.

"అన్నీ చెప్పాల్నా సారూ?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పు కాకా. అంతకంటే ఏం వద్దు."

"చెప్పినంక తిట్టొద్దు మల్ల."

"నేనెందుకు తిడుత?"

ఆఫీసువాళ్లు పదింటికి వస్తామన్నారు. అంతకు ముందు రోజు మంచి వాన. ఎనిమిదింటికే బుట్ట నిండా పరకలు, రెండు పెద్ద జెల్లలు. వాగు లేదన్నవాళ్ల కళ్ల ముందు ఆ బుట్ట ఎత్తి పెట్టాలని ఎన్ని వారాలుగా ఎదురుచూశానో. పదైంది, పదిన్నరైంది. ఎవరూ రాలేదు. ఫోను చేస్తే బయల్దేరాం అన్నారు. ఆయన బుట్ట పక్కన గొంతుక్కూర్చుని అటూ ఇటూ కదలడం మొదలుపెట్టాడు.

"గుడ్లతోని ఉన్నయి సారూ. ఒకదాన్నొకటి ఒత్తుకుంటున్నయి. ఇంకింతసేపైతే గీ బుట్టలనే రాలుస్తయి."

"వస్తున్నరు కాకా. దారిల ఉన్నరు."

"దారిల ఉన్నది ఆళ్లు గాదు, ఇవి."

పదకొండున్నరకు నేను రోడ్డు దాకా వెళ్లి చూసి వచ్చేసరికి వెనక తలుపు ఎత్తేశాడు. బుట్ట ఖాళీ. బొటనవేలు నడిమివేలి కణుపు మీద ఉంది. నేను ఎంత అరిచినా తల అడ్డంగా ఊపుతున్నాడు, లెక్క పోతుందని.

ఒంటిగంటకు వాళ్లు వచ్చారు. ఒక ఆఫీసరు, ఒక సర్వేయరు, వెంచర్ తాలూకు మనిషి ఒకడు. సర్వేయరు బుట్టను కాలితో కదిలించి, "ఏంది తాతా, గాలిని పట్టినవా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ముసలాయన వైపు చూశాను. ఆయన సర్వేయరు కాలి చెప్పు వైపు చూస్తున్నాడు.

ఆఫీసరు మంచిగానే అడిగాడు. "సరే, వాగు ఏడికెల్లి పోతుండెనో నడిచి చూపెట్టు."

నడిచాడు. మేం వెనక. మట్టి పోసిన చోట ఎక్కడా తడబడలేదు. కాలి వేళ్లతో నేల నొక్కుతూ, కింద నీళ్లు ఇంకా ఉన్నట్టే, వంపుల దగ్గర వంగుతూ నడిచాడు. వెంచర్ రోడ్డు దాటాడు, తుమ్మచెట్టు దాటాడు, మా ప్రహరీ పక్క గేటులోంచి లోపలికి వచ్చాడు. మా వంటింటి వెనక గోడ ముందు ఆగి, దాని మీద అరచెయ్యి ఆనించాడు. గోడ అవతల మా ఆవిడ పప్పు తాలింపు వేస్తోంది.

"గీడికెల్లి. గీ గోడ లేకముందు ఈడ నడుమెత్తు పారుతుండె. ఈ సారు ఇల్లు వాగులనే ఉన్నది."

వెంచర్ మనిషి చల్లటి నీళ్ల సీసా మూత తీసి నాకు ఇచ్చాడు. నేను తాగాను కూడా.

ఆఫీసరు నన్ను పక్కకు పిలిచాడు. "వాగని రాస్తే కింద నుంచి పైదాకా రాయాలె. మీది ఇడిసిపెట్టి రాయనీకి రాదు. రాయమంటరా?"

ఇరవై ఏళ్లలో నేను పెట్టిన ఏ అర్జీనీ వెనక్కి తీసుకోలేదు. ఆ ఒక్కటి తీసుకున్నాను. నా షాపులోనే, నా ప్రింటరు మీదే, సదరు స్థలంలో వాగు లేదని తెలుసుకున్నాను అని టైపు చేసి సంతకం పెట్టి ఇచ్చాను. ముట్టినట్టు స్టాంపు వేయించుకున్న కాపీ నా ఫైల్లో ఉంది. రెండు నెలల్లో రెండడుగుల సిమెంటు పైపులు వేసి, పైన రోడ్డు పోశారు. బుట్ట పెట్టే రాళ్లు ఆ రోడ్డు కిందే ఉన్నాయి.

నేను ఆయన్ను తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. వాగు అమ్ముకున్నవని ఒక్క మాట అని ఉంటే నాకు ఒక జవాబుండేది. ఎన్నో జవాబులు తయారు చేసుకున్నాను. ఆయన అడగలేదు. జాబితాలో నాకు అన్నిటికంటే పెద్దది అదే.

మరుసటి ఏడు మిర్గం దాటిన వారానికి మేడ్చల్‌లో నా షాపు ముందుకొచ్చి నిలబడ్డాడు. పగలు నేను దొరికేది అక్కడే అని శామీర్‌పేట నుంచి రెండు ఆటోలు మారి వచ్చాడు. కండ్లకోయ కాలేజీ పిల్లలు ప్రాజెక్టు రిపోర్టుల కోసం తోసుకుంటున్నారు. వాళ్ల వెనక చాలాసేపు నిలబడి, తెరిపి దొరికాక అడిగాడు.

"ఏమన్న వచ్చినయా సారూ?"

"ఏంటివి?"

"పైపుల పట్టకుంటే నీళ్లు పాత తొవ్వనే పడతయి. వస్తే నీ గోడ కాడికే రావాలె. ఏమన్న వచ్చినయా?"

"ఏం రాలే కాకా."

అది అబద్ధం. రెండు పరకలు వచ్చాయి, ఆ వారంలోనే. బకెట్టుతో ఎత్తి గోడ అవతల పడేశాను. పిల్లులు తిన్నాయి. కానీ ఆ మాట చెబితే వాగు ఇంకా ఉన్నట్టే. ఆ రోజు నా గోడ మీద అరచెయ్యి పెట్టి చూపించిన మనిషికి ఇంకో సాక్ష్యం ఇచ్చేంత పిచ్చివాణ్ని కాదు. ఇల్లు పోతుందన్న భయం కొంత. నలుగురిలో పోయిన పరువు కొంత. ఏది ఎంతో ఇప్పుడు తూచలేను.

"వానలు గూడ సరిగ పడలే గద," అన్నాడు ఆయన. చేపల తరఫున తనే సంజాయిషీ ఇచ్చి వెళ్లిపోయాడు. వెళ్తుంటే చూశాను. బొటనవేలు ఏ కణుపు మీదా లేదు. చెయ్యి ఖాళీగా ఊగుతోంది.

ప్రతి ఏడూ వచ్చాడు. ప్రతి ఏడూ అదే ప్రశ్న, అదే జవాబు. ఒకసారి అడిగాడు, "ఒక్క దినం నీ ఎనక తూము కాడ బుట్ట పెట్టుకుంట సారూ. పొద్దుగాల పెట్టి పొద్దుమీకి తీస్కపోత." పాములు తిరుగుతున్నాయి, వద్దన్నాను. ఇంకోసారి మిషను వైపు చూస్తూ అడిగాడు, "గోడను జిరాక్స్ తియ్యొచ్చా?"

వరసలో ఉన్న పిల్లలు పగలబడ్డారు. ఒకడు, "తాతా, గోడను పట్టుకురా, ఫ్రీగా తీపిస్త," అన్నాడు. నేను కూడా నవ్వాను. ఆయన కూడా నవ్వాడు, పళ్లులేని నోటితో.

"మా తలుపెనక గీతలు సారూ. నేనున్నన్ని దినాలు సున్నం ఎయ్యనియ్య. తర్వాత ఎవ్వలు ఆపుతరు?"

"ఫోన్ల ఫొటో తీసి ప్రింటు కొడత కాకా. వస్త ఓసారి."

వెళ్లలేదు. మా ఇంటి నుంచి ఆయన ఇంటికి స్కూటరు మీద పావుగంట.

పోయిన ఏడు వచ్చినప్పుడు నిలబడలేకపోయాడు. స్టూలు వేశాను. కాళ్లు వాచి ఉన్నాయి. వచ్చినయా అని అడిగాడు, రాలే అన్నాను. ఆ పొద్దున ఐదు వచ్చి ఉన్నాయి మా ఇంట్లో బకెట్టులో. ఎప్పటిలా వానల మీదకో, పైపుల మీదకో నెడతాడనుకున్నాను. నెట్టలేదు.

"ఇగ రావు," అన్నాడు. "తొవ్వ మర్చినట్టున్నయి."

ఆరో ఏడు అది. అదే ఆఖరు.

ఈ ఏడు మా ఆవిడ కేక వేసిన పొద్దున నేను బకెట్టు తీసుకోలేదు. ఎందుకో గోడను పొడుస్తున్న ఆ చేపను చూస్తూ కాసేపు నిలబడ్డాను. చొక్కా వేసుకుని, స్కూటరు తీసి, శామీర్‌పేటలో ఆయన ఇల్లు అడుగుతూ వెళ్లాను. చెప్పేద్దామని. ఎవరికి చెప్పాలో అప్పటికి ఆలోచించలేదు.

రెండు గదుల ఇల్లు. వాకిట్లో సామాన్లు మూటలు కట్టి ఉన్నాయి. ఆయన భార్య గడప మీద కూర్చుని ఉంది. నేనెవరో చెప్పబోయాను.

"ఎరికే. కాయిదాల సారువు గద," అంది. "లోపటికి రా. మా బిడ్డ దేవరయాంజాల్ తీస్కపోతానన్నది. ఇల్లు కిరాయికిస్తున్నం. రేపు పొద్దుగాల సున్నమేస్తరు."

"బుట్ట ఉందా అవ్వా?" అని అడిగాను. అడగదలచుకుంది అది కాదు.

"ఏడిది? ఆయినె పోయిననాడు నీళ్లు కాగబెట్టినం దాంతోని. ఆయినెనే చెప్పిండు, ఇగ పన్లేదు, పొయ్యిల పెట్టమని."

ఆమె లేచి తలుపు మూసింది. వెనక గోడ కనిపించింది.

ఇంటి గోడలన్నీ ఎన్నోసార్లు సున్నం తిన్నవే. ఆ ఒక్క చోటు మాత్రం, మనిషెత్తున్న వెడల్పాటి పట్టీ, పొగచూరి గోధుమరంగులో ఉంది. దాని నిండా బొగ్గు గీతలు. ఏడాదికొక వరస. నిలువు గీతలు పరకలు, ఏటవాలు గీతలు జెల్లలు, సున్నాలు వాలుగ. పై వరసలు గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయి, చాలక కిందికి మడిచి ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ సున్నాలు లేవు. కొన్ని చోట్ల వేలితో తుడిచి మళ్లీ గీసిన మరకలు, తప్పు దిద్దుకున్నట్టు. అన్నిటికంటే కింద, నా మోకాలి ఎత్తులో, ఒకదాని కింద ఒకటి ఆరు అడ్డగీతలు. ఒక్కో వరసకు ఒక్కటే.

"ఇవేంది?" అన్నాను, తెలిసే.

"నువ్వు చెప్పినయే సారూ. ఏం రాలే అన్నవ్ గద. ఆటో దిగి, కాళ్లు గూడ కడుక్కోకుంట వచ్చి గీసేటోడు. ఒంగస్తలేదయ్యా అంటే ఇనకపోతుండె. కింద కూసోని గీసిండు ఆఖరిది."

నా దగ్గర ఫైళ్లున్నాయి, స్టాంపులున్న కాపీలున్నాయి. ఆయన దగ్గర ఉన్న రికార్డు ఇది. అందులో తప్పు లెక్క ఏదైనా ఉంటే ఆ ఆరు వరసలే.

ఆమె నా మొహంలోకి చూసింది. ఆయనలా నీళ్ల వైపు చూసి మాట్లాడే మనిషి కాదు. "ఈ ఏడు ఏమన్న వచ్చినయా?"

"వచ్చినయి అవ్వా."

ఆమె పొయ్యి గూట్లోంచి బొగ్గు ముక్క తెచ్చి నా చేతికిచ్చింది.

"ఎన్ని?"

నేను లెక్కపెట్టలేదు.

"పరకలా, జెల్లలా? ముంగట ఏవొచ్చినయి?"

"ఒకటైతే పరకనే. మిగతావి సరిగ్గ చూడలే."

"లెక్క తెల్వకుంట గీయొద్దంటుండె," అంటూ బొగ్గు ముక్క వెనక్కి తీసుకుంది. కోపంగా కాదు. కూరలో ఉప్పు ఎక్కువ పడకుండా చెయ్యి పట్టుకున్నట్టు.

చూసి వస్తానని స్కూటరెక్కాను. జేబులో ఫోనుంది. ఆ గోడకు ఒక్క ఫొటో తీయాలని ఆ తొందరలో నాకు తట్టలేదు.

ఇల్లు చేరేసరికి ఎండ కాసింది. వంటింటి వెనక నీళ్లు తూములోంచి దిగిపోయాయి. బురద మిగిలింది. గోడ పొడవునా, ఒకదాని మీద ఒకటి, చేపలు పడి ఉన్నాయి. ఒకటి రెండు ఇంకా నోరు తెరుస్తున్నాయి. పొట్టలు పగిలేలా ఉబ్బి ఉన్నాయి. కొన్నిటి కింద బురదలో పచ్చటి గుడ్లు రాలి ఉన్నాయి. పొద్దున బకెట్టు తీసుకుని ఉంటే పై కుంట ఎంత దూరం. కూర్చుని లెక్కపెట్టాను. చేతులు తడుపుకోవడం గుర్తొచ్చింది కానీ, అప్పటికి ఆ ఒకటి రెండు కూడా చచ్చాయి, దాని అవసరం లేదు.

పదిహేడు. పదహారు పరకలు, ఒక జెల్ల.

ఆ రోజే తిరిగి వెళ్లాల్సింది. కానీ నాకు నోటిమాట మీద నమ్మకం లేదు. మరునాడు పొద్దున్నే షాపు తీసి, తెల్లకాగితం మీద టైపు చేశాను. స్థలం రాశాను, ఎన్ని వచ్చాయో రాశాను, ఏ రకాలో రాశాను. గత ఆరేళ్లుగా నేను చెప్పినది నిజం కాదని, ప్రతి ఏడూ వచ్చాయని కూడా రాశాను. ఏ ఏడు ఎన్ని అన్నది గుర్తున్నంత వరకు రాశాను. అక్షర దోషాలు రెండుసార్లు దిద్దాను. అలవాటు కొద్దీ రెండు కాపీలు తీశాను.

వెళ్లేసరికి తొమ్మిదిన్నర. వాకిలంతా తడి. తలుపు తీసే ఉంది, దాని వెనక తెల్లగా ఉంది. ఒక మనిషి అవతలి గదిలో బ్రష్షు కొడుతున్నాడు. ఆమె కూడా ఒక డబ్బా పట్టుకుని కింది మూలలు పూస్తోంది. చేతులు మోచేతుల దాకా సున్నం.

"పదిహేడు అవ్వా," అన్నాను. "పదహారు పరకలు. ఒక జెల్ల."

"పొట్ట కింద ఏం మన్నుండె?"

నేను చూడలేదు. పొట్టలనే చూశాను, మన్ను రంగు చూడలేదు.

ఆమె కాగితం వైపు చూసింది. "ఇదేంది?"

చదివి వినిపించాను. ఆరేళ్ల సంగతి కూడా వదలకుండా చదివాను. ఆమె డబ్బా కింద పెట్టలేదు. అంతా విని, "అట్లనా," అంది. మళ్లీ అంది, "మర్సిపోలే అయితే. తొవ్వ."

ఒక కాపీ ఆమెకిచ్చాను. రెండోది ఎందుకు చాపానో నాకు తెలియదు. ఇన్నేళ్లుగా ఎవరికి ఏ కాగితం ఇచ్చినా, ముట్టినట్టు రెండో దాని మీద సంతకం తీసుకుంటాను. చెయ్యి దానంతటదే చాచుకుంది.

"ఏలు ముద్రనా?" అంది ఆమె. సున్నం తడి బొటనవేలిని కాగితం కింద, నేను చుక్కలు పెట్టి వదిలిన చోట గట్టిగా నొక్కింది. ఆ తరవాత తలుపు వెనక మిగిలిన కింది మూలకు తిరిగింది.

షాపుకు వచ్చి ఫైలు తెరిచేసరికి ముద్ర ఆరిపోయింది. తెల్లకాగితం మీద తెల్లగా, వెలుతురుకు వాల్చి చూస్తే తప్ప కనిపించడం లేదు. కాగితం మడతపెడితే పొడి రాలింది. చుక్కలు మాత్రం మిగిలాయి.